ఇంటి మీద బరువులు

ఎండలు ముదిరి బీడీల తునికాకు కోతకు వచ్చే వేళకు మా ఊళ్లో ఒకరినొకరు ఒక మాట అడిగేవాళ్లం. "బరువులు పెట్టిన్రా?" అని. తిన్నారా అని అడిగినంత మామూలుగా అడిగేవాళ్లం. రేకుల ఇళ్లలో బతికినవాళ్లకు ఆ మాట విప్పి చెప్పనక్కర్లేదు. డాబాల్లో పుట్టినవాళ్లకు చెప్పాలి. గాలిదుమారం వస్తే ఇనుప రేకులు లేస్తాయి. లేవకుండా వాటి మీద బండరాళ్లు, అరిగిన తిరగలి రాళ్లు, పగిలిన రోళ్లు, లారీ టైర్లు, ఏది బరువుగా ఉంటే అది ఎక్కిస్తారు. వాటన్నిటికీ కలిపి మా దగ్గర ఒకటే పేరు, బరువులు.

ఒక ఏడు మా ఆయన బరువులు పెట్టడం ఆలస్యం చేశాడు. చెదలు తిన్న వాసాలు తీసి కొత్తవి వేసి, రేకులు పరిచి, రాళ్లు మాత్రం ఇవాళ ఎక్కిస్తా రేపు ఎక్కిస్తా అంటూ ఆకు కొనే కల్లానికి పోయాడు. ఆ రోజుల్లో ఆకు కట్టలు అప్పజెప్పందే మాకు గడవదు. ఆ సాయంత్రం దుమారం వచ్చింది. మా బిడ్డ వాకిట్లో ఎండబోసిన చింతపండు ఎత్తడానికి బయటికి ఉరికింది. మా ఇంటి రేకే లేచింది. మా బిడ్డకే తగిలింది.

ఎట్లా తగిలిందో రాయను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. వచ్చిన ఆ కొద్ది అక్షరాలను దానికి వాడాలని లేదు.

ఆయన కల్లం నుంచి వచ్చేసరికి చేతిలో ఇంకా కట్టలు కట్టే నార ఉంది. ఏడవలేదు. దినాలు కూడా కాకముందే ఆ రేకును మళ్లీ కప్పు మీదికి ఎక్కించాడు. దాని మీద ఊళ్లో ఎవరింటి మీదా లేనన్ని రాళ్లు పెట్టాడు. అప్పటి నుంచి మా ఊళ్లో బరువులు పెట్టిన్రా అని ఎవరు ఎవరిని అడిగినా, మా ఆయన కనబడితే మాట మార్చేవాళ్లు.

మాకు మిగిలిన ఒక్క కొడుకు పెద్దవాడయ్యాడు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర పోయే లారీల మీద లోడింగు పనికి కుదిరాడు. మెల్లగా రేకుల ఇల్లు తీసేసి, రెండు గదుల డాబా వేసుకున్నాం. స్లాబు పోసిన రోజు ఆయన పొద్దున్నుంచి నిలబడే ఉన్నాడు. చువ్వలు కట్టేటప్పుడు వంగి వంగి చూశాడు. నాకు సంబరమైంది. ఇక ఈ మనిషికి నిద్ర పడుతుందిలే అనుకున్నాను.

స్లాబు మీద నీళ్లు కట్టి తడపడం అయిపోయిన మర్నాడు లేచి చూస్తే, పాత ఇంటి రాళ్లన్నీ డాబా మీద ఉన్నాయి. నాలుగు మూలలా నాలుగు బండలు, నడుమ పగిలిన రోలు, తిరగలి రాళ్లు, ఎవరో పారేసిన ట్రాక్టరు నాగలి పళ్లేలు.

"ఏందయ్యా ఇది?" అని అడిగాను.

"బరువులు."

"స్లాబుకు బరువులేంది? అదే ఒక బరువు గదా."

"గాలికి తెల్వదే అది బరువని," అన్నాడు.

ఎదురింటి ముసలామె ఊరుకుంటుందా. గోడ మీద గడ్డం ఆనించి, "ఏం వదినా, మీ డాబాకు రెక్కలు మొలిచినయా ఏంది? కత్తిరించకపొయ్యిన్రు," అని పళ్లికిలించింది. దారినపోయే వాళ్లు కూడా మెడలెత్తి చూసి నవ్వుకునేవాళ్లు. కొన్నాళ్లకు నవ్వడం మానేశారు. అలవాటైంది. ఆ రాళ్లు ఎవరి కోసమో నాకు తెలుసు. రాళ్లు పెట్టుకుంటే నిద్ర పడుతుందంటే పెట్టుకోనీ అనుకున్నాను.

కానీ సిమెంటు మనిషి బాధ చూసి ఊరుకోదు. డాబా అంటే ఏనుగెక్కినా ఏం కాదనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అదేం కాదు. దాని పైపొర గీరుకుంటే అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి. ఆయన వయసులో ఉన్నప్పుడు రాయిని ఎత్తి పెట్టేవాడు. నడుము పడిపోయాక ఈడ్చడం మొదలుపెట్టాడు. ప్రతి ఎండాకాలం గాలి ఏ వైపు నుంచి వస్తుందో లెక్క వేసుకుని రాళ్లను అటూ ఇటూ జరిపేవాడు. నాగలి సాలు తీసినట్టు స్లాబు నిండా గీతలు. ఈడ్చినప్పుడు గీరుకోకుండా ఉంటుందని కింద గోనెసంచులు పరవమన్నాను. అవి వాన నీళ్లు పీల్చుకుని చలికాలం దాకా తడిగానే ఉన్నాయి. రాళ్ల సందుల్లో ఆకు కుళ్లి పాకురు పట్టింది. బరువులు పోనుపోను స్లాబు నడుమకే చేరాయి. నడుమ కింద ఉన్నది కొడుకు, కోడలు పడుకునే గది.

మా కోడలిది ఎర్రుపాలెం వైపు. చదువుకున్న పిల్ల. నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. మధ్యాహ్నాలు ఆ గదిలోనే పలక పట్టుకుని కూర్చునేవాళ్లం. ఒకరోజు గుణింతం దిద్దుతుంటే పలక మీద టప్పున ఏదో పడింది. అరచేయంత సిమెంటు పెచ్చు. తలెత్తి చూస్తే పైన మచ్చ. పచ్చగా, అంచుల్లో తుప్పు రంగుతో. అప్పటికి ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి.

"ఇది మన నెత్తిన పడితే ఏంటత్తయ్యా?" అంది.

"తల పగులుతది," అన్నాను. మరేం చెప్పను.

పురుడుకు పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. ఇక్కడ ఆ వానాకాలంలో పెచ్చులు ఊడుతూనే ఉన్నాయి. ఉయ్యాల కట్టడానికి స్లాబు పోసిన రోజే పెట్టించిన కొక్కెం ఒకటి ఉంది. దాని చుట్టూ సిమెంటు రాలిపోయి చువ్వ బయటపడింది. నేను చీపురు కర్రతో పొడిచి చూస్తే తుప్పు పొరలు పొరలుగా రాలింది.

పాపను తీసుకొచ్చే మాట వచ్చినప్పుడు కోడలు ఫోనులో నాతోనే మాట్లాడింది, కొడుకుతో కాదు.

"నేనొస్తానత్తయ్యా. కానీ ఆ రాళ్లు దిగాకే వస్తాను. అలిగి అంటున్నానని అనుకోకండి. ఆ కొక్కేనికి నా బిడ్డ ఉయ్యాల కట్టి, నేనెట్లా కళ్లు మూసుకునేది?"

"నువ్వన్నది నిజమే," అన్నాను.

"మామయ్యతో మీరే చెప్పాలి."

చెప్పడం నాకు కష్టం కాదు. నేను ఏదైనా మొహం మీదే చెప్తాను, ఊరందరికీ తెలుసు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. నోట్లో పెట్టుకోలేదు. పక్కనున్న కొడుకు ఓపిక పట్టలేకపోయాడు.

"నాయినా, నీ రాళ్లు కావాల్నా, నీ మనుమరాలు కావాల్నా?"

"మనుమరాలు కావాలనే పెట్టిన," అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఎవరమూ తినలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. కోడలికి పైనుంచి ఊడిపడేది కనబడుతోంది. ఈయనకు పైకి లేచిపోయేది కనబడుతోంది. ఇద్దరికీ కింద ఉన్నది ఒక్క పిల్లే.

నెలలు గడిచాయి. పాప బోర్లాపడిందని, పాకుతోందని ఫోనులో ఫొటోలు వస్తున్నాయి. కొడుకు సెలవు దొరికినప్పుడల్లా అటు పోయి వస్తున్నాడు. ఇంట్లో తండ్రితో మాట లేదు. ఆయన రోజూ పొద్దున్నే మెట్లెక్కి రాళ్లను చేత్తో తడిమి దిగేవాడు. తడమడం ఎందుకంటే కంటికి పొర కమ్మి సరిగ్గా కనబడటం లేదు.

ఆ కన్నే దారి చూపించింది. కొత్తగూడెంలో నాలుగు రోజులు ఉంచుకుని ఆపరేషన్ చేస్తారంటే కొడుకు వెంటబెట్టుకుని పోయాడు. వాళ్ల ఆటో మలుపు తిరిగిందో లేదో నేను మేస్త్రికి ఫోను చేశాను.

దొంగచాటుగా చేశావని నన్ను అన్నవాళ్లున్నారు. అననీ. ఆయన ఎదురుగా ఉంటే ఒక్క రాయి కూడా కదిలేది కాదు. నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ దింపిస్తాను.

మేస్త్రి పైకెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఏంది పెద్దమ్మా, పైన ఇంకో ఇల్లు కడ్తున్నరా, ఉన్న ఇంటికి సమాధి కడ్తున్నరా?" అన్నాడు.

"నీ పరాచికాలు దిగినాక ఆడు. ముందు రాళ్లు దించు," అన్నాను.

వాడి కూలీ ఒకడు అడగకుండానే ఒక బండను అంచు దాకా దొర్లించి కిందికి నూకాడు. అది వాకిట్లో గచ్చు మీద పడి గచ్చు నాలుగు వైపులా పగిలింది. ఇంటి ముందు నేను నున్నగా చేయించుకున్న గచ్చు అది.

"పైది కాపాడమంటే కిందిది పలగ్గొడ్తివేందిరా?"

"గచ్చుదేముంది పెద్దమ్మా, రెండు తాపీల సిమెంటు మాలు ఏస్తే అయిపాయె," అని మేస్త్రి వాడిని వెనకేసుకొచ్చాడు.

"మాలు నీ అత్తగారింటి నుంచి తెస్తవా?" అన్నాను. నవ్వారు. ఆ రోజు మా ఇంట్లో నవ్వు వినబడింది అదొక్కసారే.

ఆ తర్వాత నేనే పైకెక్కి నిలబడ్డాను. రోలుతో మొదలుపెట్టి రాళ్ల కింద జామాయిల్ కర్రలు దూర్పించి దొర్లించాం, ఈడ్వనివ్వలేదు. మెట్టు మెట్టుకూ టైరు ముక్కలు వేసి తాళ్లతో దించాం. గచ్చు మీద ఉంచకుండా కంచె వారగా మట్టిలో పెట్టించాను. మట్టి అయితే బరువుకు కాస్త దిగుతుంది. సిమెంటు దిగదు, పగులుతుంది. ఇప్పటికీ మా గచ్చు మీద నీళ్ల డ్రమ్ము పెట్టాలన్నా, గ్యాసు బండ దించాలన్నా కింద చెక్కో టైరు ముక్కో లేకపోతే నేను ఊరుకోను. గోనె మాత్రం వద్దంటాను.

రోలు దించినప్పుడు దాని కింద స్లాబు నల్లగా, మెత్తగా ఉంది. మేస్త్రి ఉలితో కొడితే పొడిపొడిగా లేచింది. లోపలి నుంచి చువ్వల తుప్పు గీకి, కొత్త మాలు పట్టించి, పైన గీతలన్నీ పూడ్చి నీళ్లు నిలవకుండా వాటం చేశాడు. పాత కొక్కెం కోసేసి, బాగున్న చోట కొత్తది వేశాడు.

పోయేటప్పుడు అడిగాడు. "ముసలాయనకు ఏం చెప్తవు పెద్దమ్మా?"

"దింపిచ్చిన అని చెప్త."

ఆయన నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగాడు. తల స్నానం వద్దని, దుమ్ము తగలకూడదని, బరువులు ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పిందట. కొడుకు ఆ మాటలు నాకు అప్పజెప్తుంటే, ఆయన బరువులు అన్న మాట దగ్గర తలెత్తాడు.

"పైన ఉన్నయా?" అన్నాడు.

"ఉన్నయి నాయినా," అన్నాడు కొడుకు. భయపడ్డాడు పాపం.

"లేవు. దింపిచ్చిన," అన్నాను నేను.

"అన్నీనా?"

"అన్నీ."

"నడిమిదీ?"

"అదే ముందు దింపిచ్చిన."

చేయి ముందుకు చాపి కంచె దాకా నడిచాడు. రాళ్లను ఒక్కోదాన్ని తడిమాడు. రోలు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాడు. తిడితే బాగుండేది. ఆయన తిట్టలేదు.

కోడలు పాపను తీసుకొచ్చింది. కొత్త కొక్కేనికి ఉయ్యాల కట్టాం. ఆయన పాపను ఎత్తుకోలేదు. బరువులు ఎత్తొద్దన్నారు గదా అని కోడలు సర్ది చెప్పుకుంది. ఆయన రోజంతా ఆ ఉయ్యాల పక్కన గోడకు ఆనుకుని, తాడు మీద చేయి వేసి కూర్చునేవాడు. కొమ్మ కదిలిన చప్పుడైనా చెవి అటు పెట్టేవాడు.

గాలి వచ్చింది. సాయంత్రం, ఇంకా వెలుతురు ఉంది. ముందు ఎర్రటి దుమ్ము లేచింది, తర్వాత రోడ్డవతల జామాయిల్ తోట మొత్తం ఒక పక్కకు వాలింది. కోడలు కిటికీలు మూస్తోంది. నేను కోళ్లను గంప కింద పెట్టి వచ్చేసరికి ఉయ్యాల పక్కన ఆయన లేడు. దొడ్లో లేడు. కంచె దగ్గర లేడు.

కొడుకు మెట్ల మీద నుంచి అరిచాడు. "అమ్మా, ఈడున్నడు."

ఆయన స్లాబు నడుమ బోర్లా పడుకుని ఉన్నాడు. రోలు ఉన్న చోటే. చేతులు రెండూ బార్లా చాపి, చెంప సిమెంటుకు ఆనించి, వేళ్లతో స్లాబును పట్టుకున్నాడు. పట్టుకోవడానికి అక్కడేముంది. నల్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. వాన మొదలైంది. దుమ్ము, వాన కలిసి బురద చినుకుల్లా కొడుతున్నాయి.

"దిగు నాయినా, కన్ను ఖరాబైతది."

"పోరా. కింద పాప ఉన్నది."

"ఇది రేకు గాదు నాయినా, స్లాబు."

"ఇది కూడా రేకే. మీరే బరువులు తీసేసిన్రు."

కొడుకు భుజాలు పట్టి లేపబోతే ఆయన కాళ్లతో తన్నాడు. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో. వదిలెయ్యమన్నాను. ఆయన తల దగ్గర కూర్చుని నా కొంగు మడిచి కన్ను మీద కప్పాను. కొంగు అప్పటికే తడిసి ఉంది. దాని వల్ల ఏం లాభం. దుమారం ఆగేదాకా అట్లాగే ఉన్నాం. ఊరివాళ్లు గడపల్లోంచి చూస్తూనే ఉన్నారు.

గాలి తగ్గాక ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"చూసినవా, ఇల్లు ఉన్నది," అన్నాడు.

"నువ్వు ఎక్కకున్నా ఉంటుండె."

"నీకెట్ల తెల్సు?"

చేయి పట్టుకుని మెట్లు దింపాను.

కన్ను చీము పట్టింది. మళ్లీ కొత్తగూడెం పోయారు. డాక్టరు కొడుకును కోప్పడింది, మందులు పోసింది, చివరికి చూపు రాదని చెప్పింది. కోడలు పొయ్యి దగ్గర కూర్చుని, "నేనా మాట అనకపోయినా బాగుండేదత్తయ్యా," అని ఏడ్చింది.

"నువ్వు అనకపోతే ఆ పెచ్చు నీ బిడ్డ మీద పడేది. అప్పుడు ఏడ్చేదానివి. అన్నం వార్చు," అన్నాను.

ఇంకా మెత్తగా చెప్పడం నాకు రాదు.

ఆ రోజు నుంచి ఆయనకు నమ్మకం గట్టిపడింది. తాను పడుకున్నాడు కాబట్టే ఇల్లు నిలిచింది. అదొక్కటే ఆయనకు కావలసిన రుజువు. ఆ తర్వాత గాలి లేచిన ప్రతిసారీ మెట్లెక్కేవాడు. మొదట ఆపాం, తలుపు గొళ్లెం పెట్టాం. గొళ్లెం పెడితే తలను తలుపుకేసి కొట్టుకున్నాడు. చివరికి కొడుకు మెట్ల పక్కన పైపు కట్టాడు, పట్టుకోవడానికి. రాళ్లకైతే స్లాబు పగిలింది. ఈ మనిషి ఎముకల మూట, ఈయన బరువుకు దానికేం కాదు. అట్లా లెక్క వేసుకుని ఊరుకున్నాం. ఆయన పైన తడుస్తుంటే మేం కింద పొడిగా కూర్చునేవాళ్లం. పాప ఉయ్యాల నుంచి నేల మీదికి, నేల మీద నుంచి వాకిట్లోకి వచ్చింది. గాలి వస్తే తాత పైకి పోతాడు, అది ఆ పిల్లకు వాన వస్తే కప్పలు అరుస్తాయన్నంత మామూలు.

పోయిన ఎండాకాలానికి ఆయన మంచం దిగలేకపోయాడు. దగ్గు. గాలి లేచింది. చెయ్యి ఊపి నన్ను పిలిచాడు.

"నువ్వెక్కు," అన్నాడు.

ఎక్కానని అబద్ధం చెప్తే ఆయనకు తెలుస్తుంది. నేను ఎన్నడూ చెప్పినదాన్ని కాదు. పైపు పట్టుకుని మెల్లగా ఎక్కాను. స్లాబు శుభ్రంగా ఉంది. నీళ్లు మూలకు జారి గొట్టంలోంచి పోతున్నాయి. రోలు ఉన్న చోట అతుకు వేరే రంగులో ఇంకా కనబడుతోంది. ఆ అతుకు మీద కూర్చున్నాను. నాకు గాలి అంటే భయం లేదు, ఆ రోజూ కలగలేదు. చలి వేసింది, మోకాళ్లు నొప్పి పెట్టాయి, అంతే. దిగి వచ్చాక ఆయన నా కొంగు పట్టుకుని పిండి చూశాడు. నీళ్లు కారాయి. అప్పుడు కన్ను మూసుకుని పడుకున్నాడు.

వానలు పడ్డాక పోయాడు.

ఈ ఏడు మొదటి గాలి మొన్న వచ్చింది. నేను ఎక్కలేదు. గదిలోనే కూర్చున్నాను. పైన మచ్చ లేదు, పగులు లేదు. పాప ఆటలు ఆపేసి నా పక్కకు వచ్చింది. ఇప్పుడు మాటలన్నీ వచ్చు.

"నాయినమ్మా, పైన ఎవరున్నరు?"

"ఎవరూ లేరు."

"మరి ఇల్లు?"

"ఇల్లు ఉంటది. ఇది స్లాబు. లేవదు."

నేను చెప్పింది నిజమే. అది నా మొహంలోకి చూసింది, పైకప్పులోకి చూసింది. వాళ్లమ్మ వచ్చి ఎత్తుకోబోతే రాలేదు. గది నడుమకు పోయి, కొక్కెం సరిగ్గా నెత్తిన ఉండే చోట, గచ్చు మీద బోర్లా పడుకుంది. చేతులు రెండూ చాపింది. గాలి ఆగేదాకా లేవలేదు.